ముప్పై ఏడు తెల్లరాళ్ళు

అడవిలోకి కొత్తగా వేసిన బాటకు రెండు వైపులా తెల్లరాళ్ళు పేర్చి ఉండటం చూసి నోనీ హర్లీ ముచ్చటపడింది. "ఎంత పొందిగ్గా సర్దారే!" అని కూతురితో పైకే అంది. ఆ మాట అన్నందుకు తర్వాత తన నోటిని తానే ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు. కానీ ఆ క్షణాన ఆవిడకేం తెలుసు?

జూన్ నెల ఆదివారం. చర్చిలో పూజ ముగిశాక డెరీబాన్ ఊరు ఊరంతా కొండెక్కుతోంది. కొండ మీది స్ప్రూస్ చెట్ల అడవి నడుమ అయిదంటే అయిదు రాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. మూడువేల ఏళ్ళ కిందట ఎవరో నిలబెట్టారు. నలభై ఏళ్ళుగా చెట్లు కమ్మేసి, కుక్క కూడా దూరలేని ఆ చోటికి ఊరి వారసత్వ సంఘం వాళ్ళు దారి తీశారు. ఇవాళ రిబ్బను కత్తిరిస్తారు.

నోనీ నడవలేక నడుస్తోంది. అరవై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళు ఏనాడో మొరాయించాయి. కూతురు ఐలీన్ మోచెయ్యి పట్టుకుంది. "రాళ్ళు చూడ్డానికి ఇంత ఆరాటమేంటమ్మా? మన దొడ్లో లేవా రాళ్ళు?" అని ఒకటికి రెండుసార్లు నవ్వింది.

నోనీ ఏమని చెబుతుంది? ఐలీన్ పుట్టకముందు ఒక అక్క పుట్టిందని చెప్పాలి. అది 1961 ఫిబ్రవరి. తొలిచూలు, ఆడపిల్ల, ఊపిరి తీయకుండానే పుట్టింది. ఊపిరి లేని బిడ్డకు బాప్తిస్మం ఇవ్వకూడదు. బాప్తిస్మం లేని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదు. అప్పట్లో అదీ చట్టం. ఆ తోటలో తాగుబోతులకు చోటుంది, పెళ్ళాం పళ్ళు రాలగొట్టినవాడికి చోటుంది, తమ్ముడి పొలం మింగినవాడికి పాలరాతి శిలువే ఉంది. కళ్ళు తెరవని పసిగుడ్డుకు మాత్రం జానెడు నేల లేకపోయింది. స్వర్గమూ కాని నరకమూ కాని ఏదో మధ్య చోటుకు పోతుందన్నారు. ఏ మహానుభావుడు కొలిచి చూసి వచ్చాడో!

అలాంటి బిడ్డల్ని తండ్రే తీసుకుపోవాలి. పొద్దు వాలాక ఒక్కడే, వెన్న వచ్చిన చెక్కపెట్టెలో పెట్టుకుని, నాగలి తగలని పాతచోటు చూసుకుని పూడ్చాలి. దయ్యాల భయంతో డెరీబాన్‌లో ఎవరూ దున్నని చోటు ఆ రాళ్ళ వలయం ఒక్కటే. గుర్తుకు వాగులోంచి ఒక తెల్లరాయి పైకి మోసుకెళ్ళి పెట్టేవాళ్ళు. ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పరు. తల్లి అడగదు. అడిగితే ఇంకో బిడ్డ నిలవదని మంత్రసానులు బెదిరించేవారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, పాతిపెట్టడానికి చోటూ ఇవ్వలేదు, ఏడవడానికి నోరూ ఇవ్వలేదు.

నోనీ భర్త కోర్నీ అసలే నోట్లో నాలుక లేని మనిషి. ఏటా ఫిబ్రవరి రెండో తేదీన మాత్రం, "పెయ్య తప్పిపోయింది, వెతికొస్తా" అని టోపీ పెట్టుకుని బయల్దేరేవాడు. వాళ్ళ దొడ్లో పెయ్యలన్నీ కళ్ళ ముందే మేస్తుండేవి. చీకటి పడే వేళకు తిరిగొచ్చేవాడు. పంట్లాం మడతల్లో సూదుల్లాంటి స్ప్రూస్ ఆకులు ఉండేవి. నోనీ ఆ మడతలు విప్పి, సూదులు దులిపి, పంట్లాం ఉతికి ఆరేసేది. "పెయ్య దొరికిందా?" అని అడిగేది. "దొరికింది" అనేవాడు. నలభై ఏళ్ళు ఇదే మాట, ఇదే జవాబు.

మూడేళ్ళ కిందట ఆసుపత్రి మంచం మీద, పోవడానికి రెండు రోజుల ముందు, కోర్నీ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పడుకున్న రాయి పక్కన, నోనీ. తెల్లరాయి. ఎర్రచార ఉంటుంది" అన్నాడు. నలభై ఏళ్ళ సంసారంలో ఆ మనిషి చెప్పిన అతి పెద్ద సంగతి అది.

అప్పటినుంచి రెండుసార్లు ఆవిడ ఒక్కతే ఆ చెట్ల మధ్య దూరబోయింది. మొదటిసారి మొహం గీరుకుపోయింది, రెండోసారి టోపీ పోయింది. లోపలికి వంద గజాలు కూడా పోలేకపోయింది. అందుకే వారసత్వ సంఘం దారి తీస్తుందని తెలిసినప్పుడు నోనీ పొంగిపోయింది. పనిచేసే కుర్రకారుకు, పెద్దలకు ఆరు శనివారాలు వరసగా ఎండుద్రాక్ష కేకులు చేసి ఇచ్చింది. సంఘం అధ్యక్షుడు ఫిన్‌బార్ టూమీ ఊరి బడికి ముప్పై ఏళ్ళు హెడ్‌మాస్టరు. ఊరి చరిత్ర మీద పుస్తకం కూడా రాశాడు. "నోనీ, నీ కేకుల బలంతోనే తవ్వుతున్నాం" అని ఇంటికొచ్చి మరీ పొగిడి వెళ్ళాడు.

బాట మీద వాళ్ళకు కాస్త ముందుగా ఫిన్‌బార్ తన తల్లి బ్రైడీని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్తున్నాడు. ఎనభై ఏడేళ్ళ ముసలమ్మ. ఒళ్ళో గళ్ళ దుప్పటి. ఆవిడ దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి, బాట అంచున ఉన్న రాళ్ళకేసి వేళ్ళు చాపింది. కొడుకు ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ దుప్పటిలో పెట్టాడు.

"చలేస్తుందమ్మా, చెయ్యి లోపల పెట్టుకో." వెనక్కి తిరిగి నోనీతో గొంతు తగ్గించి, "మతి అంత సరిగ్గా ఉండటం లేదు. అయినా ఆవిడ కూడా చూడాలనే బాట ఇంత నున్నగా వేయించా" అన్నాడు.

చెట్లు పలచబడి వెలుతురు వచ్చింది. అయిదు రాళ్ళు కనిపించాయి. అన్నిటికంటే పొడుగుది నోనీ భుజం దాకా వస్తుందేమో. నాలుగు నిలబడి ఉన్నాయి. అయిదోది పొట్టిది, నెమరు వేస్తున్న ఆవులా పక్కకు ఒరిగి ఉంది. పడుకున్న రాయి.  కూతురి చెయ్యి విడిపించుకుని, మోకాళ్ళ నొప్పి మరిచి, గబగబా ఆ రాయి పక్కకు వెళ్ళింది.

అక్కడ ఏమీ లేదు.

కొత్త కంకర పోసి, పళ్ళున్న కర్రతో గీతలు గీతలుగా చదును చేశారు. రాయి చుట్టూ, వలయం లోపల, ఎక్కడ చూసినా అంతే. నోనీ చుట్టూ రెండుసార్లు తిరిగింది. కోర్నీ చెప్పిన ఆనవాలు ఒక్కటీ లేదు.

"చూశావా నోనీ? అద్దంలా చేశాం!" ఫిన్‌బార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇక్కడ చిన్నచిన్న రాళ్ళు ఏమన్నా ఉండేవా మాస్టారూ? తెల్లవి?"

"అబ్బో, ఉండేవి! ముప్పై ఏడు. నేనే లెక్కపెట్టా. జడలు కట్టుకుని వ్యాన్లలో తిరుగుతారే, వెన్నెల్లో కూర్చుని డప్పులు వాయిస్తారు, ఆ బాపతు తెచ్చి పడేసినవే."

"కుక్క దూరని అడవిలో వాళ్ళెలా దూరారు?"

"వాళ్ళు ఎక్కడికైనా దూరతారు నోనీ, నీకు తెలీదు. మొత్తం ఊడ్చి పారేశాం. పెద్దరాళ్ళ జోలికి మాత్రం పోలేదు సుమా! వాటి మీద చెయ్యేస్తే ఏడాది తిరక్కుండా పశువులు పోతాయని పెద్దలు చెప్పేవారు కదా. వాటి దగ్గర పని చేసినంతసేపూ టోపీలు తీసే చేశాం."

"ఆ చిన్నరాళ్ళు ఇప్పుడెక్కడున్నాయి?"

"వృథా చెయ్యలేదులే. బాట అంచుకు పేర్చేశాం. చూశావుగా, ఎంత అందం వచ్చిందో!"

నోనీకి వచ్చేటప్పుడు తను మెచ్చుకున్న రాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. దయ్యాలంటే భయం, అందుకని దయ్యాల రాళ్ళకు టోపీలు తీశారు. పిల్లలంటే ఎవరికి భయం? తన కేకులు తిన్న చేతులే తన బిడ్డ తల మీది రాయిని పెకిలించి దారి పక్కన విసిరాయి.

"అమ్మా, చేతులు మంచులా ఉన్నాయేంటి? కూర్చుంటావా?" ఐలీన్ వచ్చి అడిగింది.

"నిలబడే ఉంటా" అంది నోనీ.

ఫిన్‌బార్ ప్రసంగం మొదలుపెట్టాడు. పక్కనే కొత్త బోర్డు, తళతళలాడుతోంది. దాని మీద రాసిందే అక్షరం పొల్లుపోకుండా చదివాడు. తవ్వకాల్లో వలయం నడిమధ్య ఒక మనిషివి కాలిన ఎముకలు దొరికాయట. గుప్పెడు. వాటిని బూడిదతో సహా జాగ్రత్తగా ఎత్తి, పెట్టెలో దూది పరిచి, రాజధానికి పంపారట. మ్యూజియంలో గాజు అల్మరాలో పెడతారట. "ఈ వలయంలో ఖననమైనవారి సంఖ్య: ఒకటి" అని బోర్డు చివర పెద్ద అక్షరాలతో ఉంది. జనం చప్పట్లు కొట్టారు. నోనీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

తర్వాత ఫాదర్ కోర్మాక్ ముందుకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, ఊరికి వచ్చి రెండేళ్ళయింది, మెత్తటి మనిషి. "మూడువేల ఏళ్ళ కిందట ఇక్కడ విశ్రమించిన మన పూర్వీకుడి ఆత్మను ప్రభువు తన చేతుల్లోకి తీసుకోవాలి" అని ప్రార్థించి, పవిత్రజలం చిలకరిస్తూ వలయం చుట్టూ తిరిగాడు. పడుకున్న రాయి దగ్గరకు వచ్చేసరికి ఒక చుక్క ఎగిరి నోనీ చెంప మీద పడింది.

"ఆపండి ఫాదర్."

ఆవిడ గట్టిగా అరవలేదు. అయినా అందరికీ వినిపించింది.

"ఎవరికి చల్లుతున్నారు ఆ నీళ్ళు?"

"మన పూర్వీకుడికమ్మా."

"ఆయనకి బాప్తిస్మం అయిందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఫాదర్ కూడా చిన్నగా నవ్వాడు. "క్రీస్తు పుట్టకముందు మనిషి కదమ్మా, ఎలా అవుతుంది?"

"అయినా చల్లొచ్చన్నమాట."

"దేవుడి దయకి హద్దు లేదు కదా."

"1961లో ఉండేది ఫాదర్. సమాధుల తోట గోడ దాకానే ఉండేది."

నవ్వు ఆగిపోయింది. ఫిన్‌బార్ రెండడుగులు ముందుకొచ్చాడు. "నోనీ, ఇది సమయం కాదు..."

"నలభై మూడేళ్ళ నుంచీ ఇది సమయం కాదనే వింటున్నా మాస్టారూ. సమయం ఎప్పుడో మీరే గంట కొట్టి చెప్పండి, బళ్ళో కొట్టినట్టు!" నోనీ ఫాదర్ వైపు తిరిగింది. "నా పెద్దకూతురు ఈ రాయి పక్కనుంది. ఊపిరి తీయలేదని తోటలోకి రానివ్వలేదు. నా మొగుడు వెన్నపెట్టెలో పెట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. ఎవరో తెలీని మనిషి, శిలువ మొహం చూడని మనిషి, ఆయన బూడిదకి దూది, ఆయన ఆత్మకి పవిత్రజలం. నా బిడ్డ మీద ఒక్క చుక్క పడిందా? ఆ రాయి ఒక్కటే ఉంది దానికి. దాన్నీ ఊడ్చేశారు. ఇదిగో ఈయన లెక్కపెట్టి మరీ ఊడ్చాడు. ముప్పై ఏడు. అవి ముప్పై ఏడు రాళ్ళు కావు మాస్టారూ, నీకు లెక్కలు వచ్చుగానీ మనుషులు రారు!"

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఎవరూ పట్టించుకోలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు ఫాదర్. 

"అవును. ఎవరికీ తెలీదు. ఇక్కడున్న ముసలాళ్ళని అడగండి, అందరికీ తెలుసు."

జనంలో నెరిసిన తలలు ఒక్కొక్కటే కిందికి వాలాయి. ఫిన్‌బార్ మొహం ఎర్రబడింది. "నోనీ, నువ్వు ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పుంటేనా!" అని విరుచుకుపడబోయి నోనీ ఆగింది. నిజమే. చెప్పలేదు. ఆరు కేకులు చేసింది, ఆరు శనివారాలు ఆ కుర్రాళ్ళ చేతికి అందించింది. 'అక్కడ తెల్లరాళ్ళుంటాయి, జాగ్రత్త' అన్న మాట నోటి చివరిదాకా వచ్చి, సిగ్గుతో వెనక్కి పోయింది. సిగ్గుపడాల్సింది తను కాదని తెలియడానికి ఇంతకాలం పట్టింది. అందరి మీదా వచ్చిన కోపంలో సగం ఇప్పుడు తన మీదకే మళ్ళింది. అది ఇంకా మండింది.

"అమ్మా," ఐలీన్ తల్లి భుజం పట్టుకుంది, "నాకు అక్క ఉందా?"

"ఉంది. పద, దాని రాయి వెతకాలి."

తల్లీకూతుళ్ళు బాట వైపు నడిచారు. నోనీ మోకాళ్ళ మీద కూలబడి మొదటి రాయి పైకి లాగింది. మట్టి తుడిచింది. ఎర్రచార ఉంది! గుండెలకు హత్తుకోబోయింది. ఈలోగా ఐలీన్ పక్కరాయి తీసింది. దానికీ ఎర్రచార. మూడోదానికీ ఉంది. నాలుగోదానికి రెండున్నాయి. ఆ వాగు నీళ్ళలో ఇనప తుప్పు ఉంది, అందులో దొర్లిన ప్రతి రాయికీ చార పడుతుంది. కోర్నీ ఒక్క రాయినే చూశాడు, ఒక్కదాన్నే ఎత్తాడు. ఆ వాగు రాళ్ళన్నిటికీ అదే గుర్తని ఆ పిచ్చితండ్రికి తోచలేదు.

నోనీ ఒళ్ళో రాళ్ళు పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. "ఏది మనదే?" అంది.

ఎవరో పక్కన నిలబడ్డట్టు అనిపించి తలెత్తింది. జాన్ జో లెహేన్. ఎనభై దాటిన బ్రహ్మచారి, గట్టు తగాదాతో పాతికేళ్ళుగా హర్లీల ఇంటి గడప తొక్కని మనిషి. టోపీ తీసి జేబులో కుక్కుకుని, వంగి ఒక రాయి ఎత్తాడు.

"మా అమ్మ కన్న పసిగుడ్డు ఒకటుంది ఇక్కడ," అన్నాడు. "నాన్న వెంట నేనూ వచ్చా. పార మోశా."

"ఏ రాయో తెలుసా?"

"ఎలా తెలుస్తుంది నోనీ? ఏదో ఒకటి మోస్తాను. ఎవరిదైతేనేం!"

ఆయన వెనక ఇంకో ముసలావిడ వచ్చింది, ఆవిడ వెనక ఇంకొకరు.  ఒక్కొక్కరు ఒక్కో రాయి ఎత్తుకుని వలయంలోకి నడిచారు. ఫాదర్ నీళ్ళ పాత్ర కింద పెట్టి రెండు రాళ్ళు చంకల్లో పెట్టుకున్నాడు. బోర్డు ముందు కట్టిన రిబ్బను అడ్డొస్తే జాన్ జో కాలితో తొక్కి దాటాడు.

నోనీ తన రాయిని, అంటే చేతికొచ్చిన మొదటి రాయిని, పడుకున్న రాయి పక్కన కంకర తోసి పెట్టింది. లేచి తిన్నగా బోర్డు దగ్గరికి పోయింది. చేతిసంచిలో వెతికింది. రుమాలు, జపమాల, వాటి అడుగున ఊదారంగు లావుపాటి పెన్ను. బుధవారాలు చర్చి హాల్లో బింగో ఆట ఆడేటప్పుడు పిలిచిన అంకెల మీద గుద్దే పెన్ను. దాని మూత పళ్ళతో ఊడబీకింది.

"నోనీ, అది కొత్త బోర్డు!" ఫిన్‌బార్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యి. అబద్ధం కొత్తదైతే మాత్రం ఉంచుతారా?"

'ఒకటి' అన్నదాన్ని కొట్టేసింది. పక్కన, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్దగా, 38 అని వేసింది. ఆయన లెక్క ప్రకారమే. ముప్పై ఏడు, ఆ గాజు అల్మరా మనిషి ఒకడు.

"ముప్పై ఎనిమిది కాదు."

అందరూ గొంతు ఎవరిదా అని చూశారు. చక్రాల కుర్చీలోంచి. బ్రైడీ టూమీ దుప్పటి కింద పడేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"అమ్మా," ఫిన్‌బార్ దగ్గరికి వంగాడు, "చలేస్తోందా? ఇంటికి..."

"నీకు అయిదేళ్ళప్పుడు. కవలలు. ఇద్దరూ మగపిల్లలే. ఇద్దరికీ ఒకటే రాయి పెట్టాడు మీ నాన్న. కొండ దిగి వాగుకి మళ్ళీ వెళ్ళి, రెండోది మోసుకొచ్చే ఓపిక లేకపోయిందట ఆయనకి."

  ఊరి చరిత్ర మూడు వందల పేజీలు రాసిన మనిషి, తన ఇంటి సంగతి రెండు ముక్కలు ఇవాళ విన్నాడు.

నోనీ 38ని కొట్టేసి 39 వేసింది.

"వెళ్ళు నాన్నా," అంది బ్రైడీ కొడుకుతో. "నువ్వు తీసేసినవాటిలోంచి ఒకటి మోసుకురా. తర్వాత వాగుకెళ్ళి ఇంకొకటి తీసుకురా."